ఆన్ కాని కంప్యూటరూ, నేను రాసిన కారణమూ

ముందుగా ఒక ఒప్పుకోలు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు సంగారెడ్డిలో మా ఇంటికి వచ్చి, సార్, మీ అనుభవాలు నాలుగు చెప్పండి అంటారు. ఇన్నాళ్లూ వాళ్లకు టీ ఇచ్చి, బ్యాగులో మంచి స్క్రూడ్రైవర్ పెట్టుకోండి, వేళకు తినండి అని చెప్పి పంపించేస్తున్నాను. అసలు సంగతి చెప్పాలంటే సిగ్గు. ఇరవై ఎనిమిదేళ్లు కంప్యూటర్లు బాగుచేసిన మనిషిని నేను. అందులో చాలా భాగం నాకు ఏమీ అర్థం కాకుండానే గడిచింది. అర్థమైనట్టు ముఖం పెట్టడం మాత్రం బాగా వచ్చింది.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం, ఇటు సంగారెడ్డి దాకా నా ఇలాకా. తొంభైలలో ఆ ఫ్యాక్టరీలలో ఒక్కొక్కటిగా కంప్యూటర్లు దిగుతున్న రోజులవి. మా కంపెనీ వాటిని అమ్మేది, ఏడాదికింత అని ఒప్పందం రాయించుకుని బాగుచేసేది. నేను డిప్లొమా చదివి, ఆరు వారాల శిక్షణ పొంది, స్కూటర్ మీద బ్యాగు తగిలించుకుని తిరిగేవాణ్ని. అందరూ ఇంజనీరు సాబ్ అనేవారు. ఆ పిలుపు నాకు మహా ఇష్టంగా ఉండేది.

ఫోన్‌లో వచ్చే మాట ఎప్పుడూ ఒకటే. "సార్, కంప్యూటర్ చాలు అయితలేదు." ఆన్ కావడం లేదని, అంతే. ఎప్పటి నుంచి, అంతకు ముందు ఏం జరిగింది, ఇవేవీ ఉండవు. మన పనిలో అన్నిటికన్నా కష్టమైన ఫిర్యాదు ఇదే. తెర మీద తప్పుల తడకగా ఏదో ఒకటి వస్తే పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. ప్రింటరు అడ్డదిడ్డంగా కొడితే ఆ కాగితమే సగం కథ చెబుతుంది. అసలు ఆన్ కాని డబ్బా ముందు కూర్చుంటే మనకూ దానికీ మధ్య మాటల్లేవు. మన వెనకాల మాత్రం పదిమంది నిలబడి చూస్తుంటారు.

చాలాసార్లు విషయం చిన్నదే. ప్లగ్గు వదులైపోయి ఉంటుంది. ఫ్యూజు పోయి ఉంటుంది. బొల్లారంలో ఒక చోట పవర్ సప్లై డబ్బాలో బల్లి చచ్చి ఉంది. దాన్ని కాగితంతో తీశాక, కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చే దాకా అక్కడి మేనేజరు నన్ను ఇంకో వస్తువు ముట్టనివ్వలేదు. ఇలాంటివి చెప్పుకుని నవ్వుకోవడానికి బాగుంటాయి. వాటి వల్ల నేను నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు. నేర్చుకున్నది ఒకే ఒక్క చోట, అదీ ఒక అమ్మాయి ఉద్యోగం పోగొట్టాక.

చెప్పుల బోర్డు

శిక్షణలో మాకు మొదటి రోజే చెప్పారు, కంప్యూటర్‌కు దుమ్ము శత్రువని. పెద్ద కంపెనీలలో కంప్యూటర్ గదికి ఏసీ, అద్దాల తలుపులు, బయట చెప్పుల అర. దాన్ని చూసి వచ్చిన నేను, రేకుల షెడ్డు పక్కన పది అడుగుల గది ఉన్న చోట కూడా అదే నియమం పెట్టాను. ఎక్కడ కంప్యూటర్ పెట్టినా, 'చెప్పులు బయట విడిచి రావలెను' అని అట్ట మీద రాసి తలుపుకు నేనే అంటించేవాణ్ని.

ఈ ఒక్క విషయంలో ఎవరూ నాకు ఎదురు చెప్పలేదు. ఏసీ పెట్టించమంటే వెయ్యి ప్రశ్నలు వేసే యజమానులు, చెప్పులు విడవమంటే వెంటనే తలూపేవారు. చదువుకు సంబంధించిన వస్తువు, సరస్వతి ఉండే చోటు, చెప్పులెలా వేసుకుంటారు అన్నది వాళ్ల లెక్క. దుమ్ము అన్నది నా లెక్క. రెండూ కలిసి ఆ నియమం గట్టిపడిపోయింది.

నేను మాత్రం బూట్లతోనే లోపలికి వెళ్లేవాణ్ని. లేసుల బూట్లు, రోజుకు నాలుగైదు చోట్లకు తిరగాలి, ప్రతి చోటా విప్పి కట్టుకుంటూ కూర్చుంటే అయ్యేది కాదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి నన్ను విప్పమని ఎవరూ అడగలేదు. ఇంజనీరు సాబ్ కదా. నేను దాన్ని గౌరవమనే అనుకున్నాను.

డ్రమ్ముల ఫ్యాక్టరీ

పటాన్‌చెరు దగ్గర ప్లాస్టిక్ డ్రమ్ములు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. చుట్టూ ఉన్న మందుల ఫ్యాక్టరీలకు డ్రమ్ములు పంపేవారు. యజమాని విశ్వనాథం సేటుది సంగారెడ్డిలో తరాల నాటి పప్పుల వ్యాపారం. ఫ్యాక్టరీకి కొత్త. మనిషి మంచివాడే, కానీ ఏ నిర్ణయమూ తన మీద పెట్టుకోడు. ఎవరో ఒకరు చెప్పాలి, ఆయన చేయించాలి. తర్వాత ఏదైనా తేడా వస్తే చెప్పినవాడి మీదికి పోతుంది.

అక్కడ కంప్యూటర్ మీద పనిచేసే అమ్మాయి పేరు సుగుణ. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి ఊరు. తండ్రి మల్లేశం కొంచెం వ్యవసాయం చేస్తూ, ఇంకో ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్లేవాడు. సుగుణ సంగారెడ్డిలో టైపు, కంప్యూటర్ కోర్సు చేసి ఈ పనిలో చేరింది. వాళ్లింట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. తక్కువ మాట్లాడేది. లారీ లోడు కాగానే చలానా ప్రింటు తీసి ఇవ్వడం ఆమె పని. అది ఆగితే లారీ గేటు దాటదు.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో సేటు ఫ్యాక్టరీకి వాస్తు చూపించాడు. వాస్తు చూసినాయన చాలా మార్పులు చెప్పాడు. సేటు కుర్చీ నైరుతికి వెళ్లింది. కంప్యూటర్ కరెంటుతో నడిచేది కనుక అగ్ని కిందికే వస్తుంది, ఆగ్నేయం మూల గదిలో పెట్టాలన్నాడు. ఆగ్నేయంలో నీళ్లు ఉండకూడదు కాబట్టి అక్కడున్న కుళాయి మూసేసి ఈశాన్యానికి మార్చమన్నాడు. పనివాళ్లు అన్నం తిని టిఫిన్ గిన్నెలు కడుక్కునే కుళాయి అది. వారంలో అన్నీ అయిపోయాయి.

గది మారుస్తున్నారని తెలిసి నేను కూడా వెళ్లాను. ఫ్యాన్లూ లైట్లూ ఉన్న పాత లైను మీద కంప్యూటర్ పెట్టొద్దు, దానికి వేరే లైను వేయించండి, ఎర్త్ బాగుండాలి అని పెద్ద ఇంజనీరులా చెప్పి వచ్చాను. ఎలా వేశారో తర్వాత వచ్చి చూడలేదు.

ఇక్కడ చాలు కాదు, అక్కడ అవుతుంది

ముహూర్తం చూసి కొత్త గదిలో పెట్టిన కంప్యూటర్ రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత ఒకరోజు ఫోన్ వచ్చింది, చాలు అయితలేదని.

వెళ్లాను. సాకెట్‌లో టెస్టర్ పెట్టాను, వెలిగింది. మీటర్ పెట్టాను, రెండు వందల ఇరవై దాకా చూపించింది. కరెంటు ఉంది. ప్లగ్గు పెట్టి ముందున్న స్విచ్ నొక్కితే లోపల ఫ్యాను ఒక్క చుట్టు కదిలి ఆగిపోయింది. మానిటరుకు కరెంటు ఆ డబ్బా వెనక నుంచే వెళ్తుంది కాబట్టి అదీ వెలగలేదు. మూత విప్పి, దుమ్ము ఊది, కార్డులన్నీ తీసి మళ్లీ గుచ్చాను. పవర్ సప్లై మార్చి, బ్యాగులో ఉన్న కొత్తది పెట్టాను. అదీ అంతే.

డబ్బాను స్కూటర్ మీద కట్టుకుని మా ఆఫీసుకు తీసుకుపోయాను. అక్కడ స్విచ్ నొక్కగానే హాయిగా లేచింది. రోజంతా నడిపి చూశాను. మర్నాడు తెచ్చి ఫ్యాక్టరీలో పెట్టాను. చాలు కాలేదు. మళ్లీ ఆఫీసుకు, మళ్లీ లేచింది. మళ్లీ ఫ్యాక్టరీకి, చాలు కాలేదు. తీగ మార్చాను. సాకెట్ మార్పించాను. పెద్ద మెషీన్లు ఆపించి చూశాను. ఒక పక్క లారీ డ్రైవర్లు హారన్లు కొడుతుంటే సుగుణ చేత్తో చలానాలు రాస్తూ కూర్చునేది. నాకు బుర్ర పనిచేయడం మానేసింది.

మూడోసారి తెచ్చిన రోజు వింతగా ఒక్క నొక్కుకే లేచింది. అంతకు ముందు రోజు సాయంత్రం గాలివాన వచ్చి రోడ్డంతా బురదగా ఉంది. చల్లదనానికి బాగైందేమో, వేడికి ఏదో భాగం తేడా చేస్తోందేమో అని నేనే ఒక సిద్ధాంతం కట్టుకుని, అయిపోయిందని చెప్పి వచ్చాను. మూడు రోజులకు మళ్లీ ఫోన్.

ఆ రోజు సుగుణ నాతో ఒక మాట చెప్పింది. నేను పిల్లలకు చెప్పాలనుకున్నదంతా ఇక్కడే ఉంది కాబట్టి ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"సార్, స్విచ్చు ఒత్తేటప్పుడు డబ్బ ముట్టుకుంటె జిల్లుమంటుంది. మోచేతి దాంక గుంజుతుంది. అందుకే నేను చెప్పులిడుస్తలేను."

నేను డబ్బా వెనక వైపు ఇనుము మీద అరచెయ్యి పూర్తిగా ఆనించి స్విచ్ నొక్కాను. నాకేమీ కాలేదు. ఇటు తిప్పీ అటు తిప్పీ ముట్టుకున్నాను. ఏమీ లేదు.

"ఏం లేదమ్మా, మంచిగనే ఉంది. నువ్వు ఊకె భయపడుతున్నవ్" అన్నాను.

నేను ఆమె కాళ్ల వైపు చూశాను. రబ్బరు చెప్పులు. కుర్చీ కింద ఎండిన మట్టి. నేను రాసి అంటించిన బోర్డు తలుపు మీద అలాగే ఉంది. కోపం వచ్చింది నాకు. కంప్యూటర్ మీద రావాల్సిన కోపం అది.

కారణం అనే గడి

మా దగ్గర ప్రతి పనికీ ఒక రిపోర్టు కాగితం ఉండేది. ఫిర్యాదు ఏమిటి, కారణం ఏమిటి, ఏం చేశారు అని మూడు గడులు. కారణం గడి ఖాళీగా ఉన్న కాగితాన్ని మా మేనేజరు మూర్తి గారు ముట్టుకునేవారు కాదు. ఆయన చెడ్డవారు కాదు. వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ పైవాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సిన మనిషి. తెలియలేదు అని రాస్తే, తెలిసినవాణ్ని పంపలేదా అని ఆయన్ను అడుగుతారు. అందుకే ఏదో ఒకటి రాసి తెమ్మని మాకు నూరిపోసేవారు. ఆయన కింద పనిచేసిన మేమంతా కారణాలు కల్పించడంలో ఆరితేరిపోయాం.

ఆ రోజు సేటు కూడా ఊరుకోలేదు. ఇన్నిసార్లు తిరుగుతున్నారు, అసలేమైందో చెప్పమని పట్టుబట్టాడు. నేను నీళ్లు నములుతుంటే ఆయనే అందుకున్నాడు.

"గా పిల్ల చెప్పులేసుకొని లోపటికొస్తుంది సాబ్. నేను రెండుసార్లు చెప్పిన, ఇంటలేదు. గందుకే గిట్లయితుందా?"

అలా కావచ్చు అన్నాను. అన్న మాటే రిపోర్టులో రాశాను. కారణం: గదిలోకి చెప్పులతో రావడం వల్ల లోపల దుమ్ము చేరడం, ఆపరేటరు సరిగా వాడకపోవడం. కింద సంతకం పెట్టాను. సేటుకు ఒక ప్రతి ఇచ్చాను. అది అబద్ధమని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. దుమ్ము అయితే నిజంగానే ఉంది కదా. ఖాళీ గడి నిండిందన్న నిశ్చింతతో స్కూటర్ ఎక్కాను.

తర్వాతి వారం వెళ్లేసరికి ఆ కుర్చీలో సేటు తమ్ముడి కొడుకు కూర్చుని ఉన్నాడు. సుగుణ ఏదని అడిగితే, తీసేశామన్నాడు. సేటు ఆమెకు నా రిపోర్టు చూపించి, నేను చెప్తలేను, ఇంజనీరు రాసిండు చూడు అన్నాడట. చుట్టుపక్కల రెండు ఫ్యాక్టరీలలో ఆమె పని అడగబోతే, వాళ్లు సేటుకు ఫోన్ చేసి, మెషీన్ పాడుచేసిన పిల్ల అని విని వద్దన్నారట. ఆ సంగతి సేటే నాకు మామూలుగా చెప్పాడు, నాకు నచ్చుతుందని అనుకున్నట్టున్నాడు.

కంప్యూటర్ మాత్రం ఇంకా చాలు కావడం లేదు. తమ్ముడి కొడుకు చెప్పులు బయటే విడిచి, గదిని రోజూ ఊడిపిస్తూ, కంప్యూటర్‌ను ముట్టుకోవడానికే జంకుతూ దూరంగా కూర్చున్నాడు. నేను రాసిన కారణం వెళ్లిపోయింది, జబ్బు మాత్రం అక్కడే ఉంది. ఇంతకన్నా అయోమయంలో నేనెప్పుడూ లేను.

పూజ రోజు

నాలుగు రోజులు పోయాక సేటు నన్ను మళ్లీ పిలిపించాడు. ఈసారి బాగుచేయమని కాదు. గదికి శాంతి చేయిస్తున్నాడు, పూజ కాగానే ఇంజనీరు చేత్తో స్విచ్ వేయించాలని పూజ చేసే అయ్యగారు చెప్పారట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా వెళ్లాను. నా దగ్గర అంతకన్నా మంచి ఉపాయం ఏముంది?

గది అంతా కడిగారు. బండలు ఇంకా తడిగా ఉన్నాయి. కంప్యూటర్‌కు పసుపూ కుంకుమా పెట్టి, పూలదండ వేశారు. నేను అలవాటు కొద్దీ గడప దాటబోతుంటే అయ్యగారు నా కాళ్ల వైపు చూసి, బూట్లు విడిచి రమ్మని నెమ్మదిగా అన్నారు. ఆ గదిలో నాతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన. బూట్లు, మేజోళ్లు విప్పి తడి బండల మీద అడుగు పెట్టాను.

కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇచ్చారు. నేను ఎడమ చెయ్యి డబ్బా మీద ఆనించి, కుడి చేత్తో స్విచ్ నొక్కాను.

ఎవరో మోచేతి దగ్గర పట్టుకుని గుంజినట్టయింది. వెనక్కి వెళ్లి గోడకు గుద్దుకున్నాను. హారతి పళ్లెం కింద పడింది. అందరూ ఏమైంది ఏమైంది అంటున్నారు. నాకు వాళ్ల మాటలు వినపడటం లేదు. మోచేతి దాంక గుంజుతుంది అన్న సుగుణ మాటే వినపడుతోంది. భయం వేసింది, దానికి పదింతలు సిగ్గు వేసింది.

కాసేపు కూర్చుని, బూట్లు తొడుక్కుని, డబ్బా ముట్టుకుని మళ్లీ స్విచ్ నొక్కాను. ఏమీ లేదు. అన్నిసార్లు వచ్చి అన్ని పరీక్షలు చేసిన నాకు ఎందుకు తెలియలేదో అప్పుడు తెలిసింది. ఆ ఫ్యాక్టరీలో రబ్బరు అడుగున్న బూట్లతో ఆ గదిలో తిరిగింది నేనొక్కణ్నే. మిగతా అందరినీ ఉత్త కాళ్లతో నిలబెట్టింది కూడా నేనే.

గుంతలో నీళ్లు

కొత్త లైను వేసిన ఎలక్ట్రీషియన్ యాదగిరిని పిలిపించమన్నాను. అతను కాంట్రాక్టు మీద చుట్టుపక్కల అన్ని షెడ్లలో పనిచేసేవాడు. ఈ లైనుకు న్యూట్రల్ ఎక్కడి నుంచి తెచ్చావని అడిగాను. అతను దాచలేదు.

"న్యూట్రల్ బోర్డు గా కొసకుండె సార్. ముహూర్తం దగ్గరికొచ్చిందని సేటు పరేషాన్ చేసిండు. ఎర్తు గుంత గోడ పక్కకే ఉండె. ఫేజొక్కటి గుంజి, న్యూట్రల్ గండ్లకెల్లి ఇచ్చిన. రెండు వారాలు మంచిగనే నడిచె గదా."

కొత్తవాళ్ల కోసం చెబుతాను. కరెంటు ఒక తీగలో వచ్చి ఇంకో తీగలో తిరిగి పోవాలి. వచ్చేది ఫేజు, పోయేది న్యూట్రల్. ఎర్త్ మూడోది, ఆపదలో కరెంటును ఆ గుంత ద్వారా నేలలోకి దింపడానికి మాత్రమే. యాదగిరి తిరిగి పోయే కరెంటును ఎర్త్ గుంతలోకి మళ్లించాడు. గుంత తడిగా ఉంటే నేల ఆ కరెంటును తీసుకుంటుంది. ఎండిపోతే తీసుకోదు. అప్పుడది ఎర్త్ తీగలోనే నిలబడి, ఆ తీగ తగులుకుని ఉన్న కంప్యూటర్ డబ్బాలోకి ఎక్కుతుంది. మెషీన్ చాలు కాదు, ముట్టుకున్న మనిషికి కొడుతుంది.

మరి గుంత ఎందుకు ఎండింది? నేనూ యాదగిరీ గోడ వెనక్కి వెళ్లి చూశాం. గుంత పక్కనే మూసేసిన కుళాయి గొట్టం. అన్నాళ్లూ పనివాళ్లు గిన్నెలు కడిగిన నీళ్లే ఆ గుంతను తడిపి ఉంచాయి. ఆగ్నేయంలో నీళ్లు వద్దని కుళాయి తీసేశారు. నేల ఆరడానికి రెండు వారాలు పట్టింది. గాలివాన వచ్చిన మర్నాడు కంప్యూటర్ లేవడంలో వింతేమీ లేదు.

నా మాట నమ్మకపోతారేమోనని సాకెట్‌కు ఒక మామూలు బల్బు తగిలించాను. టెస్టర్ నిండుగా వెలిగే ఆ సాకెట్‌లో బల్బు తీగ ఎర్రగా కనబడి ఊరుకుంది. దేన్నీ నడపకుండా కొలిస్తే మీటరు కూడా ఇలాగే నిండుగా చూపించి మోసం చేస్తుంది. నేను మొదటి రోజే ఒక్క బల్బు పెట్టి చూసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. యాదగిరి రెండు బకెట్ల నీళ్లు గుంతలో పోశాడు. కాసేపటికి సేటు, అయ్యగారు, పనివాళ్లు అందరూ చూస్తుండగా బల్బు మెల్లమెల్లగా తెల్లబడింది. బల్బు తీసి ప్లగ్గు పెడితే కంప్యూటర్ లేచింది.

సేటు రోజూ రెండు బకెట్లు పోయిస్తే సరిపోతుంది కదా అన్నాడు. ఇలాంటి యజమానులు మీకూ తగులుతారు. నడుస్తోంది కదా అన్న మాట దగ్గర మీరు ఆగిపోతే ఒకరోజు ఎవరో ఒకరు చచ్చిపోతారు. బోర్డు నుంచి న్యూట్రల్ తీగ లాగి, ఎర్త్ తీగను విడదీసి, ఉప్పూ బొగ్గూ వేసి గుంతను తడిపి, నా చేత్తో ప్లగ్గు పెట్టే దాకా ఆ రోజు నేను కదల్లేదు. ఆ తర్వాత ఉత్త కాళ్లతో నిలబడి డబ్బా ముట్టుకుని చూశాను.

రెండో కాగితం

ఇంత తెలిశాక నేను నేరుగా సుగుణ ఇంటికి వెళ్లానని రాయాలని ఉంది. వెళ్లలేదు. నాలుగు రోజులు ఆగాను. ముఖం చెల్లలేదు. కొత్త రిపోర్టు రాసి మూర్తి గారికి చూపిస్తే ఆయన దాన్ని బల్ల మీదే తిప్పి పెట్టి, లైను సరిచేశామని మాత్రం రాయి, పాత కాగితం సంగతి ఎత్తకు, మన తప్పు మనమే రాసిస్తే వచ్చే ఏడాది వాళ్లు మనల్ని పిలుస్తారా అన్నారు. ఆ మాటకు తలూపి బయటికి వచ్చాను. ఇది కూడా రాయాల్సిందే కనుక రాస్తున్నాను.

ఐదో రోజు ఆ కాగితాన్ని చేత్తో మళ్లీ రాశాను. ఫలానా తేదీన నేను రాసిన కారణం తప్పు. లోపం లైనులో ఉంది. ఆపరేటరు ఆ లోపాన్ని ముందే చెప్పింది, నేను వినలేదు. చెప్పులు వేసుకోవడం వల్లే ఆమెకు పెద్ద ప్రమాదం తప్పింది. సంతకం పెట్టి ఒక ప్రతి సేటుకు ఇచ్చాను. ఇంకో ప్రతి జేబులో పెట్టుకుని సుగుణ ఊరికి వెళ్లాను.

మల్లేశం ఇంటి ముందు మంచం వేసి కూర్చోమన్నాడు. మంచినీళ్లు ఇచ్చాడు. నేను చెప్పిందంతా విని, కాగితం కూతురి చేతికి ఇచ్చి చదవమన్నాడు. ఆమె చదివింది. అది విని ఆయన అన్నాడు.

"షాక్ కొడుతుందని మా బిడ్డ ఇంట్ల గూడ చెప్పింది సార్. నేనే చెప్పిన, చెప్పులిడువకు బిడ్డా అని. ఆ మాటకే పని పాయె. ఇగ నేనే పోగొట్టిన అని ఇన్ని దినాలు నిద్ర లేదు నాకు."

ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. క్షమించమని అడిగాను. సుగుణ మాత్రం ఈ కాగితం తన దగ్గర ఉంచుకోవచ్చా అని ఒక్కటే అడిగింది.

సేటు ఆమెను తిరిగి రమ్మని కబురు పెట్టాడు. ఇంజనీరు రాసిండు కదా అన్నది ఈసారి కూడా ఆయన మాట. మిగతా రెండు ఫ్యాక్టరీలకూ తనే ఫోన్ చేసి ఆ పిల్ల తప్పేమీ లేదని చెప్పాడు, అందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. మూర్తి గారు నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు. ఒప్పందం మాత్రం ఎక్కడికీ పోలేదు.

మీరు చేయవలసింది

పిల్లలూ, టెస్టర్‌ను నమ్మకండి, బల్బు పెట్టి చూడండి. కంప్యూటర్ డబ్బాను ఎత్తుకుపోయే ముందు అది కూర్చున్న చోటును చూడండి. గోడ వెనక ఏముందో చూడండి. తెలియకపోతే తెలియలేదు అని రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే మహా అయితే మీ మేనేజరు అరుస్తాడు. రోజూ ఆ మెషీన్ ముందు కూర్చునే మనిషి ఏదైనా చెబితే, మీకు అలా జరగకపోయినా సరే, అది జరిగిందనే అనుకుని వెతకండి. ఆ మనిషి నిలబడ్డట్టే నిలబడి చూడండి. నాకు ఇంతకన్నా తెలిసింది లేదు.

సుగుణ పనిలోకి తిరిగి వచ్చిన వారానికి ఆ ఫ్యాక్టరీకి వెళ్లాను. కంప్యూటర్ ఆపి ఉంది. ఆమె కుర్చీలో కూర్చుంది, స్విచ్ నొక్కబోయే ముందు కుడిచేతి వేళ్లను తిప్పి, వాటి వెనక వైపుతో డబ్బాను ఒక్కసారి తాకి వెంటనే తీసేసింది. కరెంటు తీగలతో పనిచేసేవాళ్లు అలా చూస్తారు, కొడితే చెయ్యి అతుక్కోకుండా వెనక్కి పోతుందని. నాకు మనసు చివుక్కుమంది. లైను సరిచేశాం, నేనే ఉత్త కాళ్లతో నిలబడి చూశాను, ఇప్పుడు మంచిగనే ఉందమ్మా, భయపడకు అన్నాను.

ఆమె తెర వైపే చూస్తూ, మామూలు గొంతుతో చెప్పింది.

"మీరు గప్పుడు గూడ మంచిగనే ఉందన్నరు సార్."